చివర నిలబడ్డవాడు

భోజనాల బల్ల మీది ఉప్పు, మిరియాల డబ్బాలు తీసేసి, రీథా నేపియర్ తడిబట్టతో తుడిచి, చెక్క ఆరేదాకా ఆగింది. తర్వాత ఫొటోలు ఒక్కొక్కటే పరిచింది. అన్నీ నలుపు తెలుపు. బడిలో పిల్లలకు బొమ్మలు నేర్పే గది పక్కన ఉన్న చీకటిగదిలో తనే కడిగి తీసినవి.

ఆ ఇంటి బ్యాండు రికార్డు కవరు మీదికి ఫొటో ఎంచే పద్ధతి వాళ్ళ నాన్న పెట్టింది. ఫొటోలన్నీ వెల్లకిలా పరవాలి. బ్యాండులో వాళ్ళు బల్ల చుట్టూ తిరుగుతూ, వంతు వచ్చినప్పుడల్లా తమకు నచ్చని ఫొటో ఒకటి బోర్లించాలి. ఎందుకు బోర్లించావని ఎవరూ అడగకూడదు. ఒకరు బోర్లించినదాన్ని మరొకరు తిప్పకూడదు. ఆఖరికి వెల్లకిలా మిగిలినదే కవరు. ఫొటో తీసినవాళ్ళకు వంతు లేదు. నాన్న పోయాక కూడా అదే పద్ధతి. దాని వల్ల ఆ బ్యాండులో ఫొటోల దగ్గర ఎప్పుడూ మాట పెరగలేదు.

నాన్న పెట్టిన పద్ధతి ఇంకొకటి ఉంది. కూలికి పిలిచిన వాయిద్యగాణ్ణి ఫొటోలో చివర నిలబెట్టాలి. రేపు వాడు మానేస్తే కత్తిరించుకోవచ్చు. మొదటి రికార్డుకు హోబర్ట్ అనే ఫిడేలు మనిషి వచ్చాడు. కవరు అచ్చుకు వెళ్ళేలోపు మానేసి ఒహాయో వెళ్ళిపోయాడు. అమ్మ కుట్టుకత్తెరతో అతన్ని కత్తిరించేసింది. కానీ అతను రీథా అన్నయ్య, పదహారేళ్ళ వెర్లిన్ భుజం మీద చెయ్యి వేసి ఉన్నాడు. మనిషి పోయాడు గాని వేళ్ళు మిగిలిపోయాయి. ఇప్పటికీ ఆ కవరు మీద వెర్లిన్ భుజాన ఎవరివో నాలుగు వేళ్ళుంటాయి. ఇంట్లో ఏ వస్తువు కనిపించకపోయినా, "హోబర్ట్ వేళ్ళు పట్టుకుపోయుంటాయి" అనుకునేవాళ్ళు.

బల్ల మీద పరచడం అయ్యాక రీథా వెనక్కి జరిగి చూసింది. చర్చి మెట్ల మీద తీసినవి, వాగు మీది ఊగే వంతెన మీద తీసినవి, గని మూతపడ్డాక తుప్పు పట్టిన, బండ్లలోకి బొగ్గు దించే పెద్ద గరాటు కింద తీసినవి. ప్రతిదాంట్లోనూ నలుగురు. ప్రతిదాంట్లోనూ తన తమ్ముడు, ఫిడేలు వాయించే ఆర్లిస్ చివర ఉన్నాడు. చివరంటే చివర, పక్కవాడికీ అతనికీ మధ్య కత్తెర పట్టేంత సందు.

తీసేటప్పుడు ఆమెకు తట్టలేదు. చర్చి మెట్ల దగ్గర మాత్రం ఒకసారి పిలిచింది.

"మధ్యలోకి రారా."

"ఇక్కడ గాలి బాగుందక్కా," అన్నాడు ఆర్లిస్, ముక్కుకున్న ఆక్సిజన్ గొట్టం సర్దుకుంటూ. "సగం సిలిండర్‌లోది, సగం దేవుడిది."

బ్యాండులో మిగతా ఇద్దరు, డోర్సీ, లోవెల్ నవ్వారు. ఆమె కూడా నవ్వి, మీట నొక్కింది.

వంతెన మీద అతను అందరికన్నా వెనక నడిచాడు. నడవలేక వెనకబడ్డాడని ఆమె అనుకుంది. ఇప్పుడు చూస్తే ఏది నడవలేకపోవడమో, ఏది కావాలని నిలబడడమో విడదీయడం సాధ్యం కాలేదు. ఆ ఇంట్లో పుట్టినవాడికి చివర నిలబడడమంటే ఏమిటో తెలియకుండా ఉండదు.

బల్ల మీద పెట్టని ఫొటో ఒకటి ఆమె సంచిలో, బడి పుస్తకాల మధ్య ఉంది.

వెర్లిన్ అందరికన్నా ముందు వచ్చాడు. ఆదివారం మధ్యాహ్నం, చర్చి అయిపోయాక, వానలో. టోపీ దులిపి కొక్కానికి తగిలించి, బల్ల వైపు ఒక్క చూపు చూసి, అరుగు మీదికి పోయి కూర్చున్నాడు. రీథా రెండు కప్పుల కాఫీతో వెళ్ళి పక్కన కూర్చుంది.

"వాడు ప్రతిదాంట్లోనూ చివరే ఉన్నాడన్నయ్యా."

"చూశాను."

"నువ్వు చెప్పావా నిలబడమని?"

"నేను చెప్పలేదు. కానీ వాడితో మాట్లాడాను." వెర్లిన్ కప్పు రెండు చేతుల మధ్య తిప్పాడు. "వేసవిలో ఊళ్ళల్లో కచేరీలు ఒప్పుకున్నాను రీథా. ఒహాయోలో ఫిడేలు వాయించే పిల్ల ఒకతి వీడి బదులు వస్తానంది. కవరు మీద వీడుండి, వేదిక మీద ఆ పిల్ల ఉంటే, జనం ఊరుకోరు."

"జనం సంగతి నాకొద్దు. ఇది వాడు వాయించిన రికార్డు."

"నాన్న పోయాక నువ్వు రికార్డులు అమ్మే బల్ల దగ్గర నిలబడ్డావా?" వెర్లిన్ గొంతు పెంచలేదు. "నేను నిలబడ్డాను. ఎక్కడికి పోయినా ఎవరో ఒకరు వచ్చి కవరు మీద నాన్న ముఖాన వేలు పెట్టేవాళ్ళు. పెద్దాయన రాలేదా అని. పోయాడని చెప్పాలి. చెప్తే వాళ్ళు ఏడుపు ముఖం పెట్టేవాళ్ళు. అప్పుడు నేను వాళ్ళని ఓదార్చాలి. మా నాన్న పోయినందుకు, ముక్కూ ముఖం తెలియనివాళ్ళని నేను ఓదార్చేవాణ్ణి. ఇంకోసారి నా వల్ల కాదు. ఇంత చిన్నవాడికి అసలే కాదు."

ఆర్లిస్‌కు నలభై రెండేళ్ళు. నాన్న కాలంలో ఈ గనిదుమ్ము జబ్బు ముసలివాళ్ళకు వచ్చేది. మందమైన బొగ్గు పొరలన్నీ అయిపోయాక, మిగిలిన సన్నపొర కోసం కుర్రవాళ్ళు బొగ్గు కంటే రాయే ఎక్కువ కోశారు. ఆ రాతిదుమ్ము వాళ్ళ ఊపిరితిత్తుల్లో కూర్చుంది. ఆమె దగ్గర చదువుకున్న మగపిల్లల్లో ముగ్గురు ఇప్పుడు సిలిండరు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. వాళ్ళను అంగట్లో చూస్తే ఆమె ముందు పేరు గుర్తు చేసుకుంటుంది. సిలిండరు వైపు చూడదు.

డోర్సీ పాత ట్రక్కులో ఆర్లిస్‌నీ లోవెల్‌నీ తీసుకొచ్చాడు. డోర్సీ బ్యాంజో, లోవెల్ పెద్ద బేస్ వాయిస్తారు. లోవెల్ మాట్లాడడు, డోర్సీ ఇద్దరి మాటలూ తనే మాట్లాడతాడు.

అరుగు మెట్లు మూడే. ఆర్లిస్ రెండో మెట్టు మీద ఆగి, వానను చూస్తున్నట్టు నిలబడ్డాడు. అతను వానను చూడడం లేదని అక్కడున్న అందరికీ తెలుసు. అందరూ వానను చూశారు.

"తడిసిపోతున్నావు, లోపలికి రారా," అంది రీథా.

"వస్తున్నా. పెళ్ళికూతురు నడక నాది. చూడనియ్యి జనాన్ని."

లోపల ఆమె అతనికి మొక్కజొన్న రొట్టె పాలల్లో నలిపి ఇచ్చింది. నమలాల్సినవి తినడం అతను మానేశాడు. నమిలితే ఊపిరి తీసుకోవడానికి వీలుండదు. మూడు చెంచాలు తిని గిన్నె పక్కన పెట్టాడు. సిలిండరు కుర్చీ కాలికి ఆనించాడు. దాని బుస గదంతా వినిపించింది.

"సరే, మొదలుపెడదామా?" అన్నాడు డోర్సీ. "వెర్లిన్, ముందు నువ్వు. తీగలు మర్చిపోయినా, ఫొటోలు తిప్పడం మర్చిపోయుండవులే."

ఇది ఫిబ్రవరి నుంచి నడుస్తున్న ఎగతాళి. రికార్డు చర్చిలో చేశారు, నాన్న కాలంలోలాగే ఒకే మైకు చుట్టూ నిలబడి. ఎవరి వంతు వస్తే వాళ్ళు మైకు దగ్గరికి జరగాలి, అయిపోగానే పక్కకు తప్పుకోవాలి. ఆఖరి పాటలో, ఆర్లిస్ ఫిడేలు వంతు నడుస్తుండగా, వెర్లిన్ గిటారు ఉన్నట్టుండి ఆగిపోయింది. ఫిడేలూ, బ్యాంజో, బేసూ మాత్రం సాగాయి. ఆర్లిస్ వంతు అయిపోయాక గిటారు మళ్ళీ వచ్చింది. వింటే ఎవరికైనా తెలిసిపోతుంది. మళ్ళీ వాయిద్దామంటే ఆర్లిస్‌కు ఓపిక లేదు. అలాగే ఉంచేశారు. ఏమైందని అడిగితే, మర్చిపోయానన్నాడు వెర్లిన్. ముప్ఫై ఏళ్ళుగా వాయిస్తున్న పాట.

వెర్లిన్ బల్ల చుట్టూ ఒకసారి నడిచి, బొగ్గు గరాటు కింద తీసిన ఫొటో ఒకటి బోర్లించాడు. డోర్సీ తన పొట్ట కనిపిస్తున్నది బోర్లించాడు. లోవెల్ ఏదో ఒకటి బోర్లించాడు. ఆర్లిస్ లేవలేదు. కూర్చున్న చోటి నుంచే చెయ్యి చాచి చర్చి మెట్ల ఫొటో ఒకటి బోర్లించాడు.

రీథా గోడకు ఆనుకుని నిలబడి చూసింది. రెండు చుట్లు అయ్యేసరికి ఆమెకు అర్థమైంది. ఏ ఫొటోలో ఆర్లిస్ కాస్త దగ్గరగా పడ్డాడో, ఏ ఫొటోలో అతని భుజం లోవెల్ భుజానికి తగిలిందో, అవి ముందు పోతున్నాయి. వాటిని బోర్లిస్తున్నది వెర్లిన్ కాదు. వెర్లిన్ చేతికి అందినవి తిప్పుతున్నాడు. ఏరి ఏరి తిప్పుతున్నది ఆర్లిస్.

అడగకూడదు. ఆమె అడగలేదు.

ఆఖరికి వంతెన ఫొటో ఒకటి మిగిలింది. మంచి ఫొటో. వెనక పొగమంచు, కింద వాగు. ముందు ముగ్గురు మనుషులు, వాళ్ళ వెనక రెండు బారల ఖాళీ వంతెన, ఆ తర్వాత ఆర్లిస్.

"బాగుందక్కా," అన్నాడు ఆర్లిస్. ఒక్కో మాటకూ ఆగి ఊపిరి తీసుకున్నాడు. "అమ్మ కత్తెరకి కూడా పనిలేదు. నా వేళ్ళు ఎక్కడా మిగలవు."

డోర్సీ నవ్వబోయి మానేశాడు. వెర్లిన్ కిటికీ వైపు తిరిగాడు.

రీథా సంచి తెరిచి, పుస్తకాల మధ్య నుంచి ఆ ఫొటో తీసి, వంతెన ఫొటో పక్కన పెట్టింది.

"ఇదేంటి?" అన్నాడు డోర్సీ. "ఆట అయిపోయాక ముక్క వేస్తావేంటమ్మా?"

"పరచడం నా పని. ఇది పరచడం మర్చిపోయాను."

మర్చిపోలేదు. చీకటిగదిలో ఆ కాగితం మీద తమ్ముడి ముఖం నీళ్ళలోంచి తేలివచ్చినప్పుడు ఆమె దీపం ఆర్పి చాలాసేపు నిలబడిపోయింది. ఫిబ్రవరిలో, చర్చిలో, ఆఖరి పాట జరుగుతుండగా తీసింది. మైకు ఒక్కటే కాబట్టి సిలిండరు బుస రికార్డులో పడుతుందని, ప్రతి పాటకూ ముందు ఆర్లిస్ సిలిండరు కట్టేసి, గొట్టం తీసి చొక్కా జేబులో పెట్టుకునేవాడు. పాట అయ్యాక మళ్ళీ పెట్టుకునేవాడు. ఫొటోలో మైకు ముందు, నట్టనడుమ అతనే ఉన్నాడు. మిగతా ముగ్గురూ చుట్టూ ఒరిగి ఉన్నారు. కమాను పైకి లేచి ఉంది. నోరు తెరుచుకుని ఉంది. మెడ నరాలు తాళ్ళలా లేచాయి. కళ్ళు మైకునూ చూడడం లేదు, ఎవరినీ చూడడం లేదు. ఊపిరి కోసం వెతికే మనిషి ముఖం అది. అది దాటి ఆమె చూపు ఆ ఫొటోలో మరెక్కడికీ పోలేదు.

ఆర్లిస్ దాన్ని దగ్గరికి లాక్కుని చూశాడు.

"ఒడ్డున పడ్డ చేపలా ఉన్నాను."

"అందుకే పెట్టలేదురా."

"మరి ఇప్పుడెందుకు పెట్టావు?"

"నువ్వు మధ్యలో ఉన్నది ఇదొక్కటే. అందుకు."

వెర్లిన్ కిటికీ దగ్గర నుంచి వచ్చి తమ్ముడి భుజం మీదుగా వంగి చూశాడు. అతని ముఖం ఒక్కసారిగా బిగుసుకుంది.

"ఇది కుదరదు," అన్నాడు.

"కారణం చెప్పకూడదు," అంది రీథా. "వద్దనుకుంటే బోర్లించు."

"ఇందులో నేను వాయించడం లేదు. తెలిసినవాడెవడు చూసినా చెప్తాడు. నా కుడిచెయ్యి తీగల మీద లేదు. గిటారు మెడలో వేసుకుని ఊరికే నిలబడ్డట్టుంది. కుదరదు."

"ఏదీ, చూడనీ." డోర్సీకి ఇలాంటివి వదిలిపెట్టడం చేతకాదు. కళ్ళజోడు పైకెత్తి, ఫొటో చేతిలోకి తీసుకుని దాని మీద వాలాడు. "నిజమే. లేదు. మర్చిపోయిన పాట దగ్గర రెడ్‌హ్యాండెడ్‌గా దొరికాడు. మరి చెయ్యేదిరా? జేబులో పెట్టుకున్నావా?"

అతను వేలితో వెర్లిన్ భుజం దగ్గర మొదలుపెట్టి కిందికి వచ్చాడు. మోచెయ్యి. అక్కడ తన బ్యాంజో అంచు అడ్డం వచ్చింది. అంచు దాటాక మణికట్టు కనిపించింది. వేలు అక్కడ ఆగింది.

వెర్లిన్ అరచెయ్యి ఆర్లిస్ ఎడమ మోచేతి కింద ఉంది. ఫిడేలు పట్టుకున్న చెయ్యి అది. వాలిపోతున్న ఆ చేతిని వెర్లిన్ కింద నుంచి ఎత్తి పట్టుకున్నాడు. వేళ్ళు చొక్కాలోకి దిగబడి ఉన్నాయి. బరువు మోస్తున్న చెయ్యి. అతని ముఖం మాత్రం మైకు వైపే, మామూలుగా, పాట నడిపిస్తున్న మనిషి ముఖంలాగే ఉంది.

డోర్సీ కళ్ళజోడు తీసేశాడు.

"తీగ మర్చిపోయానన్నావు కదరా."

"అన్నాను."

"ఇన్ని నెలలు నేను..." అన్నాడు డోర్సీ. లోవెల్ అతని చేతిలోంచి ఫొటో తీసుకుని చూసి, చాలా జాగ్రత్తగా, అంచులు పట్టుకుని తిరిగి బల్ల మీద పెట్టాడు.

"నేను అడగలేదక్కా," అన్నాడు ఆర్లిస్. "ఫిడేలు జారిపోతోంది. పడేస్తాననుకున్నా. అన్నయ్యే పట్టుకున్నాడు." కాసేపు ఊపిరి కోసం ఆగాడు. "ఆ తర్వాత మేమిద్దరం ఆ సంగతి ఎత్తలేదు."

దగ్గు వచ్చింది. ఆ దగ్గు మొదలైతే ఎవరూ ఏమీ చేయలేరు, ఆగేదాకా ఉండడమే. రీథా వెనక నిలబడి వీపు మీద చెయ్యి వేసింది. చొక్కా కింద ఎముకలు ఒక్కొక్కటీ తెలిశాయి. దగ్గు తగ్గాక అతను రుమాలులోకి నల్లగా ఉమ్మి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు ఫొటో మీదికి చెయ్యి చాచాడు. రీథా చూస్తూ ఉండిపోయింది. అతను బోర్లిస్తే చెయ్యగలిగిందేమీ లేదు. కారణం కూడా అడగడానికి లేదు. అతని వేళ్ళు కాగితం అంచు కింద దూరాయి. కొంచెం ఎత్తాయి.

మళ్ళీ వదిలేశాయి.

"నా వంతు ఇందాకే అయిపోయింది," అన్నాడు. "రేపు రికార్డులు అమ్మే బల్ల దగ్గర నిలబడాల్సింది నేను కాదు. నువ్వూ కాదక్కా. అన్నయ్య. ఆయన ఏది తిప్పితే అది."

వెర్లిన్ అరుగు మీదికి వెళ్ళాడు. తలుపు తెరిచే ఉంది. వానలో అతని వీపు కనిపిస్తూనే ఉంది. కొంతసేపటికి లోపలికి వచ్చి, తడిచేతులు ప్యాంటుకు తుడుచుకుని, బల్ల దగ్గర నిలబడ్డాడు. వెల్లకిలా రెండే ఉన్నాయి.

వంతెన ఫొటో బోర్లించాడు.

ఎవరూ ఎందుకని అడగలేదు. లోవెల్ బోర్లించినవన్నీ దొంతర పెట్టాడు. ఆర్లిస్ పాలగిన్నె మళ్ళీ దగ్గరికి లాక్కున్నాడు.

ఆగస్టులో అతను పోయాడు. కొండ వాలులో, నాన్న పక్కన పెట్టారు. అంత్యక్రియలు చేయించే మనిషి అతని ముఖానికి పొడి అద్ది చాలా శ్రద్ధ తీసుకున్నాడు గాని, చెంపల మీద గొట్టం నొక్కిన గీతలు రెండూ అలాగే ఉన్నాయి. రీథా వాటిని చూసింది. సరిచేయమని అడగలేదు.

రికార్డుల పెట్టెలు ఆ తర్వాత వచ్చాయి. వెర్లిన్ తెరవలేదు. అతను పోయాక పక్క జిల్లాలో ఫైర్ స్టేషన్ హాలులో జరిగిన మొదటి కార్యక్రమం రోజున, రీథానే చాకుతో పెట్టె కోసి, కవర్లు బల్ల మీద పేర్చింది. పక్కన నిలబడతానంది. వెర్లిన్ వద్దనలేదు.

విరామంలో జనం బల్ల దగ్గరికి వచ్చారు. గిటారు వాయించేవాళ్ళలా గోళ్ళు పొట్టిగా కత్తిరించుకున్న ఒక పెద్దావిడ కవరు తీసుకుని దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది. వేలు పైకి లేపింది. వెర్లిన్ రెండు చేతులూ బల్ల అంచు మీద ఆనించాడు. వేలు ఎక్కడ పడబోతోందో రీథాకు తెలుసు.

వేలు వెర్లిన్ మీద పడింది.

"ఇదుగో, ఇక్కడ నువ్వు వాయించడం లేదే?" అంది ఆవిడ.

వెర్లిన్ కవరు వైపు చూశాడు.

"లేదమ్మా," అన్నాడు. "ఆ పాటలో నాకు వేరే పని ఉంది."

ఆవిడ ఇంకా కవరునే చూస్తోంది. భుజం నుంచి మోచెయ్యి, మోచెయ్యి నుంచి బ్యాంజో అంచు, అంచు దాటాక మణికట్టు. ఆవిడ వేలు అక్కడికి చేరేదాకా రీథా, వెర్లిన్ ఇద్దరూ ఏమీ చెప్పకుండా నిలబడ్డారు.